సర్కారు జవాబులకు మార్కులేసిన మా అత్త

పోయిన నెల మా మేనత్త చనిపోయింది. సూర్యాపేటలో ఒక దవాఖానా మంచం మీద, మధ్యాహ్నం పూట. ఆ కబురు విన్న ప్రతి ఒక్కరూ నన్ను ఒకటే అడుగుతున్నారు: "హైదరాబాద్ ఎందుకు తీస్కపోలేదమ్మా?" దినాల నాడు విస్తరి ముందు కూర్చున్నవాళ్లు కూడా బువ్వ కలుపుకుంటూ అదే అడిగారు. మెడికల్ షాపు నడిపేదానికి ఆ మాత్రం తెలియదా అని చాటుగా అనుకున్నవాళ్లూ ఉన్నారు. విని విని నాకు ఒళ్లు మండింది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే రాస్తున్నాను. ఆమె ఎలాంటి మనిషో తెలిస్తేనే నా జవాబు అర్థమవుతుంది.

మా నాన్నకు ఆమె అక్క. మాది గొర్రెలు కాసుకునే కుటుంబం. ఆ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి ఆడపిల్ల ఆమే. నేరేడుచర్ల హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. మామ చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. రిటైరయ్యాక మా ఊరికే వచ్చి మా ఇంటి పక్కన రెండు గదులు వేసుకుని ఉండిపోయింది. ఊరు సూర్యాపేటకూ కోదాడకూ నడుమ, హైవేను ఆనుకునే ఉంటుంది. నేను మిర్యాలగూడ నుంచి ఆదివారాలు వెళ్లి చూసొచ్చేదాన్ని. నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, "ఏం కోడలా" అనేది. మిగతా లోకమంతా ఆమెకు "బిడ్డా"నే. కలెక్టరైనా బిడ్డే, బస్సు కండక్టరైనా బిడ్డే.

నాకు నోరెక్కువ, కోపమెక్కువ. ఆమె దానికి పూర్తిగా వేరు. జొన్నరొట్టె తింటూ పచ్చిమిరపకాయ కసుక్కున కొరికి, కంట్లో నీళ్లు తిరిగినా ముఖం మారకుండా మాట్లాడేది. "నీకు కారం గూడ తెల్వదా అత్తా?" అంటే, "తెలుస్తది. నీ లెక్క మొత్తుకోను, గంతే" అనేది.

ఇక ఆ రోడ్డు సంగతి. ఊరు ఒక వైపు, గొర్రెలు మేసే బీడు, పొలాలు ఇంకో వైపు. మధ్యలో హైవే. సూర్యాపేట నుంచి వచ్చే బస్సు కూడా ఊరికి అవతలి వైపే ఆగుతుంది. దాటకుండా బతుకు లేదు. ఒక సాయంత్రం మా నాన్న మందను దాటిస్తుంటే కారు గుద్దింది. సూర్యాపేటలో కట్టు కట్టి, ఇక్కడ కాదు, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. అమ్మా నేనూ అంబులెన్స్‌లో పోయాం. అక్కడి పెద్ద దవాఖానాలో కొన్నాళ్లుండి నాన్న పోయాడు.

మేం అంబులెన్స్ ఎక్కిన ఆ సాయంత్రం, రోడ్డుకు రెండు పక్కలా చెదిరిపోయిన మందను తోలుకొచ్చింది అత్తే. మాలో ఒక పద్ధతి ఉంది. పొద్దుగూకాక మందను దొడ్లోకి తోలేటప్పుడు ఒక్కొక్క గొర్రె వీపు తాకుతూ ఎంచుతారు. లెక్క కుదరకపోతే వెతకడానికి మళ్లీ బయలుదేరాల్సిందే, ఇంట్లో ఎవరూ కంచం ముందు కూర్చోరు. టీచరుద్యోగం చేసి వచ్చిన ఆ మనిషి ఆ రోజు చీర కుచ్చిళ్లు పైకి చెక్కుకుని, దొడ్డి వాకిట్లో నిలబడి, తమ్ముడి మందను తన చేత్తో ఎంచిందట. చచ్చిపోయినవాటిని కూడా కలిపి ఎంచిందని చూసినవాళ్లు చెప్పారు.

నాన్న పోయాక నాకు పిచ్చి కోపం. "ఊరోళ్లందర్నీ తీస్కపోయి రోడ్డు మీద కూసుందాం అత్తా. ఒక్క బండిని కదలనియ్యద్దు. అండర్‌పాస్ కడ్తమని చెప్పేదాంక లేవద్దు!" అన్నాను.

"కూసుంటే పోలీసోళ్లొచ్చి లేపుతరు. లేచినంక ఏం మిగుల్తది కోడలా? రాసి అడుగుదాం. రాసి అడిగితే రాసి జవాబియ్యాలె. రాసినంక ఇగ నేననలేదు అంటానికి ఉండదు."

బళ్లో ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే ఆమెకు ఆసరా అయింది. పార్లమెంటులో మంత్రి లేచి నోటితో జవాబు చెప్పే ప్రశ్నలు కొన్ని, కాగితం మీద జవాబిచ్చేవి మరెన్నో. ఏ ఎంపీ అయినా దేశంలో ఏ మూల సంగతైనా రాసి అడగొచ్చు. సంబంధిత శాఖ జవాబు రాసి సభ ముందు పెట్టాల్సిందే. పిల్లలు పరీక్షలో రెండు మార్కులకు రాసి మరచిపోయే ఈ ముక్కను ఆమె నిజంగానే నమ్మింది. ఆ నమ్మకం చూస్తే నాకు చిరాకేసేది.

మొదటి ప్రశ్న ఒక ఎంపీ ఆఫీసువాళ్లే రాసి పంపారు. ఆ క్రాసింగ్ దగ్గర ప్రమాదాలు జరుగుతున్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా? వచ్చినట్లయితే ఎంతమంది చనిపోయారు? అయితే, అండర్‌పాస్ కట్టే ఆలోచన ఉందా? జవాబు రెండు లైన్లు. దృష్టికి రాలేదు. తక్కిన ప్రశ్నలు ఉత్పన్నం కావు.

"వీళ్ల నోట్లె మన్నువడ!" అని నేను షాపులో అందరి ముందూ అరిచాను. ఆదివారం ఊరికి పోయేసరికి అత్త ఆ జవాబును కోదాడలో ప్రింటు తీయించుకొచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, ఎర్రపెన్నుతో దిద్దుతూ కూర్చుంది. నిజంగానే పరీక్ష పేపరులా దిద్దింది. పక్కన ‘ప్రశ్న చదివి జవాబు రాయవలెను’ అని రాసి, కింద సున్నా చుట్టింది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వాగలేదు.

"నవ్వకు. అడిగినోళ్లకు గూడ సున్ననే. ‘అయితే’ అని ఎవడు అడుగుమన్నడు? అయితే అన్నవంటే, వాడు మొదటిదానికి లేదంటడు. ఒక్క లేదుతోని వెనకున్నయన్నీ ఖతం. దేనికది నిలవడేటట్టు అడగాలె."

రెండో ప్రశ్న ఆమే రాసింది. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా. ఈ హైవే మీద ఏ క్రాసింగ్ దగ్గర ఎందరు చనిపోయారో వరుసగా చెప్పండి. అండర్‌పాస్ ఎక్కడ కట్టాలో ఏ లెక్కన నిర్ణయిస్తారో చెప్పండి. కానీ మొదటి ఎంపీ ఆఫీసు మళ్లీ తీసుకోలేదు. అప్పుడామె చేసిన పని ఇప్పటికీ మా ఊళ్లో చెప్పుకుంటారు. సెషన్‌కు ముందు రోజుల్లో పొద్దున్నే బయలుదేరి హైవే మీద హోటల్లో కూర్చునేది. హైదరాబాద్, విజయవాడల మధ్య తిరిగే పెద్దవాళ్లందరూ టిఫిన్‌కో చాయ్‌కో అక్కడ ఆగాల్సిందే కదా. "గన్‌మన్ ముందు దిగిండంటే వెనక ఎవరో ఒకరు ఉంటరు" అనేది. ఒక ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని పూటంతా వాకిలి చూస్తూ ఉండేది.

ఒక ఆదివారం నేనూ తోడుపోయాను. ఆంధ్ర వైపు ఎంపీ ఒకాయన చేతులు కడుక్కుని వస్తుంటే ఎదురెళ్లి కాగితం చేతిలో పెట్టింది. ఆయన చదివి, ముఖం చూసి, "ఏవండీ మేడం గారూ, మీ ఎంపీ గారిని అడక్కుండా నన్నడుగుతారేంటండీ? నా నియోజకవర్గం కూడా కాదు కదా ఇది" అన్నాడు.

"కాదు బిడ్డా. కని నువ్వు పోయేది గీ రోడ్డు మీదనే కద" అంది అత్త.

ఆయన ఒకసారి రోడ్డు వైపు చూశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాట తప్పలేదు, అడిగాడు. ఆ మాటకొస్తే మాకు మేలు చేసిన ఒకే ఒక్క పెద్దమనిషి ఆయన.

జవాబు పార్లమెంటు వెబ్‌సైట్‌లో పెట్టిన రోజు నేను షాపులోనే ఉన్నాను. పొడవాటి పట్టిక. ఫోన్లో వేలితో జరుపుకుంటూ మా ఊరి క్రాసింగ్ దగ్గరికొచ్చాను. చనిపోయినవారు: లేరు. అంతే రాసుంది. మరణాలు నమోదైన చోట్లనే అండర్‌పాస్‌కు పరిశీలిస్తామని కింద ఇంకో లైను. మందులకు వచ్చినవాళ్లను నిలబెట్టి నేను కౌంటర్ వెనక కూర్చుని ఏడ్చాను. మా నాన్న లేడంటే లేడన్నట్టేనా? మేము కాల్చొచ్చింది ఎవర్ని?

అత్త సూర్యాపేట వైపున్న పోలీస్ స్టేషన్‌కు పోయింది. హెడ్ కానిస్టేబుల్ మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాడు: "అమ్మా, మీ తమ్ముడు గీడ సనిపోలే కద. గాడ హైదరాబాద్ల పోయిండు. మా దాంట్ల దెబ్బలు తాకినట్టే రాసిండ్రు. ఆడికెళ్లి కాగితం రాలే, గది గట్లనే ఉండిపాయె." దాన్ని మార్చమని అత్త తిరగని ఆఫీసు లేదు, పెట్టని అర్జీ లేదు. ఇక్కడివాళ్లు అక్కడికి పొమ్మన్నారు, అక్కడివాళ్లు ఇక్కడ అడగమన్నారు.

ఆమె విసుక్కోలేదు. అదే ఆంధ్ర ఎంపీ చేత మూడో ప్రశ్న అడిగించింది. ప్రమాదం ఒకచోట జరిగి ప్రాణం మరోచోట పోతే, ఆ మనిషిని ఏ చోటి లెక్కలో రాస్తున్నారు? ‘రాష్ట్రాల నుంచి వచ్చిన సమాచారం మేరకే’ అని జవాబొచ్చింది. ఎర్రపెన్ను తీసి పదికి నాలుగు మార్కులు వేసింది. "ఎందుకత్తా గన్ని?" అని కసురుకున్నాను. "తెల్వదని ఒప్పుకున్నడు కద. గదన్న నయం" అంది. ఆ పూట మాత్రం రొట్టె సగంలో వదిలేసి లేచింది. దొడ్డి వైపు చూస్తూ చాలాసేపు నిలబడి, "మా నాయిన సదువుకోలే. గొర్రెను గొర్రెను ఎంచేటోడు. గంత పెద్ద సర్కారుకు ఒక్క మనిషిని ఎంచ శాతగాదాయె" అంది.

పోయిన నెల కంటి డాక్టరు దగ్గరికని సూర్యాపేట పోయింది. తిరుగు బస్సు ఎప్పటిలాగే అవతలి వైపు ఆగింది. దిగి దాటుతుంటే కారు గుద్దింది. నాన్నను గుద్దిన చోటే. ఊరివాళ్లు ఆటోలో వేసుకుని సూర్యాపేట చేర్చారు. నేను మిర్యాలగూడ నుంచి పోయేసరికి తలకు కట్టు, ముక్కుకు ఆక్సిజన్. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, లోపల నెత్తురు పోతోంది, ఆశ పెట్టుకోవద్దు, అయినా హైదరాబాద్‌లో ఒక ప్రయత్నం చేయొచ్చు అన్నాడు. అంబులెన్స్ వచ్చి గుమ్మం ముందు ఆగింది. నేను బిల్లు కట్టేసి వచ్చాను.

స్ట్రెచర్ చప్పుడుకు ఆమె కళ్లు తెరిచింది. "యాడికి?"

"హైదరాబాద్ అత్తా. పెద్ద దవాఖాన."

"నేను రాను."

"మాట్లాడకు. అలిసిపోతవ్."

"గాడ పోతే గీడ లెక్కకు రాను కోడలా. మీ నాయిన లెక్కనే అయితది."

నాకు కోపం నెత్తికెక్కింది. చుట్టూ మంచాల్లో రోగులున్నారని కూడా చూడలేదు. "నీ లెక్క పాడుగాను! నువ్వు బతుకు ముందు! బతికొచ్చి ఇంకో వంద ప్రశ్నలడుగు, హోటల్ కాడ నేనే కూసుంట! నాన్న పాయె, నువ్వు గూడ పోతే అమ్మకూ నాకూ ఎవరున్నరు?"

ఆమె నా ముఖంలోకే చూసింది. తిట్టలేదు, బుజ్జగించలేదు. "డాక్టర్‌ను అడిగినవా, బతుకుతదా అని?"

నేను తల తిప్పుకున్నాను.

"సక్కగ చెప్పు."

"కష్టమన్నడు అత్తా."

"మరి?" అంది.

స్ట్రెచర్‌వాళ్లు ఆమె భుజాల కింద చేతులు పెట్టబోయారు. ఆమె పక్కకు చెయ్యి చాచి మంచం ఇనుప కమ్మీ పట్టుకుంది. ఆ స్థితిలో అంత బలం ఎక్కడిదో తెలియదు. వాళ్లు నా వైపు చూశారు. వద్దు, పొండి అని చెప్పింది నేనే. మీరంతా అడుగుతున్నారే ఎందుకు తీసుకుపోలేదని, అదిగో, అందుకు. అప్పటికీ ఆమె ప్రాణం మీద నాకు ఆశ చావలేదు, ఇప్పటికీ గుండె కోస్తూనే ఉంది. కానీ ఆ చేతిని విడదీసి ఆమెను అంబులెన్స్‌లోకి ఎత్తడం నా వల్ల కాలేదు.

ఎండ ఇంకా తగ్గకముందే పోయింది. నర్సమ్మ గుడ్డ కప్పడానికి వస్తే ఆపాను. బాడీని తీయాలని వార్డుబాయ్ వస్తే కూడా ఆపాను. ముందు పోలీసును పిలవండి, ఆయన ఇక్కడికే రావాలి, ఇక్కడే రాయాలి అన్నాను. నా గొంతు విని ఎవరూ ఎదురు చెప్పలేదు. కొంతసేపటికి ఒక కానిస్టేబుల్ వచ్చి, మంచం అంచున ప్యాడ్ ఆనించి రాసుకున్నాడు. ప్రమాదం ఎక్కడ జరిగిందో చెప్పాను, ఎటు నుంచి ఎటు దాటుతోందో చెప్పాను. రాసింది పైకి చదవమన్నాను. ఆయన ఇబ్బందిగా చూసి, చదివాడు: మా ఊరి పేరు, హైవే క్రాసింగ్, కారు ఢీకొని, సూర్యాపేటలో చికిత్స పొందుతూ మరణించినది. ఇంకోసారి చదవమన్నాను. చదివాడు. అప్పుడు నర్సమ్మా నేనూ ఇద్దరం వంగి, అత్త వేళ్లను ఒక్కొక్కటిగా ఆ కమ్మీ నుంచి విడిపించాం.