ఎడంచేతి వాటం చీకటిగది

మాఘమాసం, గురువారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. అప్పుడు నా రెండు ఫోటో ప్లేట్లూ ఉత్త గాజుపలకలైపోయాయి. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఏలూరులో ఆ పెద్దాయన చీకటిగది గోడకి ముళ్ళు మెరిసే గడియారం ఉండేది. గడియారం చూడ్డం నాకు వచ్చు. అక్షరాలే రావు. ఇది పంతొమ్మిది వందల యాభైల నాటి మాట. అప్పటికి నాకు ముప్పై దాటాయి. తాడేపల్లిగూడెంలో సొంత స్టూడియో ఉంది.

చదువు రానివాడు స్టూడియో ఎలా నడిపాడని ఇప్పటివాళ్ళు అడుగుతారు. చేత్తో నడిపాను. మా చీకటిగదిలో డెవలపరు ఎడమ పక్క, హైపో కుడి పక్క. డెవలపరు ప్లేటు మీదకి బొమ్మని తెస్తుంది, హైపో దాన్ని నిలబెడుతుంది. వరస తప్పితే బొమ్మే ఉండదు. అనుమానం వస్తే వేలు ముంచి చూసుకునేవాణ్ణి. డెవలపరు సబ్బునీళ్ళలా జారుతుంది, హైపో జారదు. బోర్డు మీద పేరు పెయింటరు రాశాడు. ఉత్తరాలొస్తే మా ఆవిడ చదివిపెట్టేది. తోటి ఫోటోగ్రాఫర్లలో ఒక్కరికి కూడా ఈ సంగతి తెలియదు. నేను తెలియనివ్వలేదు.

అంతకు ముందురోజు ముగ్గురం కొల్లేట్లోకి పడవ మీద వెళ్ళాం. నేను, ఏలూరు పెద్దాయన, కైకలూరు ఫోటోగ్రాఫరు. పెద్దాయన మా జిల్లాలో అందరికంటే పాత ఫోటోగ్రాఫరు. ఆయన వచ్చింది గూడబాతుల కోసం. ఎవరూ అడక్కుండా, ఎవరికీ అమ్మకుండా పిట్టలకీ నీళ్ళకీ ఫోటోలు తీసే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. నాకు మాత్రం పనుంది. కొల్లేటి నడుమ ఒక లంకలో చేపలు పట్టుకునే ఒకాయన వాళ్ళమ్మకి ఫోటో తీయమని కబురు పంపాడు. ఆవిడకి డెబ్భై ఏళ్ళుంటాయి. ఫోటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని జన్మలో కెమెరా ముందు కూర్చోలేదు. కొడుకు పోరు పడలేక చివరికి ఒప్పుకుంది.

"ఒక్కసారే కూర్చుంటాను నాయనా. మళ్ళీ కూర్చోమంటే మటుకు ఈ నీళ్ళలో దూకుతాను," అంది.

కొడుకు నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. "మా నాన్న గాలివానలో పడవతో సహా పోయాడండి. అప్పుడు నాకు నాలుగేళ్ళు. ఆయన మొహం ఎంత తలుచుకున్నా రాదండి. అమ్మ మొహం కూడా అలా పోకూడదండి."

ఆవిడని పీట మీద కూర్చోబెట్టాను. నల్లగుడ్డలో తల దూర్చి, కదలొద్దన్నాను. ఆవిడ కొయ్యలా బిగుసుకుపోయింది. ఫోటో అంటే అదే అని నా నమ్మకం. రెండు ప్లేట్లు తీశాను. గుడ్డలోంచి తల బయటపెట్టేసరికి కైకలూరాయన, "మామ్మగారూ, ఇంక ఊపిరి పీల్చుకోవచ్చండి," అన్నాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోతూ పకపకా నవ్వింది. పక్కన పెద్దాయన చేతి కెమెరా టిక్కుమంది.

"అనవసరంగా ఫిల్ము తగలేశారండీ. కదిలిపోయింది కదా," అన్నాను.

"కదిలిందండి," అన్నాడాయన. అంతే.

తల్లీ కొడుకూ మర్నాడు ద్వారకా తిరుమల వెళ్ళాలి. దారిలో ఏలూరు దిగి ఫోటో సంగతి కనుక్కుని మూడింటి బస్సెక్కుతామన్నారు. "బొమ్మ పడిందని తెలిస్తేగాని బస్సెక్కనండి," అన్నాడు కొడుకు. నేను తాడేపల్లిగూడెం వెళ్ళి రావడానికి వ్యవధి లేదు. పెద్దాయన తన చీకటిగది వాడుకోమన్నాడు. "మందులన్నీ సీసాల్లో కలిపి ఉన్నాయండి. పేర్లు రాసి అంటించాను, చూసుకోండి," అన్నాడు.

నేను సరేనండి అన్నాను. ఆ 'సరే' అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

పెద్దాయనది ఎడంచేతి వాటం. ఆయన గదిలో అన్నీ మనకి తిరగబడి ఉంటాయి. అది నాకు తట్టలేదు. వేలు ముంచి చూసేవాణ్ణే, కానీ కైకలూరాయన తలుపు మూసి లోపలే నిలబడి కబుర్లు చెబుతున్నాడు. చూస్తే ఏమనుకుంటాడోనని సిగ్గు. ఎడమ పక్క సీసా తీసి ట్రేలో పోశాను. రెండు ప్లేట్లూ ఒకేసారి వేశాను. ఎర్రదీపం కింద నల్లబడాల్సినవి నల్లబడలేదు. పాలలా ఉండే పూత అంచుల నుంచి కరుగుతూ వచ్చింది. చూస్తూండగానే ప్లేటు అడుగున ట్రే కనబడింది.

కైకలూరాయన వంగి చూశాడు. "ఇదేం బావా, కిటికీ అద్దాలు కడుగుతున్నావా?" అన్నాడు. తర్వాత ట్రేలో వేలు పెట్టి చూసి, గొంతు తగ్గించాడు. "సీసా మీద రాసుంది కదా బావా."

బయట వరండాలో ముసలావిడ దగ్గు వినబడుతోంది.

"నాకు చదువు రాదు," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక మా ఆవిడకి తప్ప ఇంకొకరికి ఆ మాట చెప్పడం అదే. కైకలూరాయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వెళ్ళి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. పెద్దాయన రెండు ప్లేట్లూ దీపానికి అడ్డం పెట్టి చూసి, కడిగి, బోర్లించి పెట్టాడు.

"తప్పు నాదండి. నా గది తిరగబడి ఉంటుందని ముందే చెప్పాల్సింది," అన్నాడు.

"మీదేం లేదండి. నాదే," అన్నాను.

"సరే, మీదే. ఇప్పుడు వాదించుకునే టైము లేదు," అని తన చేతి కెమెరా తీసుకొచ్చాడు. దాంట్లో రీలు ఇంకా పూర్తి కాలేదు. మూడు ఫోటోలకి ఫిల్ము మిగిలుంది. గూడబాతులు పిల్లలకి మేత పెట్టేటప్పుడు తీయాలని, ఆదివారం మళ్ళీ కొల్లేరు వెళ్ళడానికి దాచుకున్నాడు. ఆ రోజుల్లో ఫిల్ము దొరకడం గగనం. మద్రాసు నుంచి ఎప్పుడొస్తే అప్పుడే. ఆ మూడూ పోనిచ్చి, రీలు అక్కడే విప్పేశాడు.

"మీరు నా పక్కనే నిలబడండి. ఏ సీసా ఎందుకో చెబుతూ చేస్తాను," అన్నాడు. ప్రతి సీసా నా చేతికిచ్చి, దాని మీద అక్షరాల మీదుగా నా వేలు నడిపించాడు. ముప్పై దాటిన మగవాణ్ణి. చీకట్లో కాబట్టి సరిపోయింది.

ఫిల్ములో నాలుగు గూడబాతులు వచ్చాయి. ఐదోది ఆవిడ.

ఫిల్ముని స్పిరిట్‌తో తొందరగా ఆరబెట్టి ప్రింటు తీశాం. దాన్ని అంటించడానికి కైకలూరాయన అట్ట కత్తిరించాడు. ప్రింటు తడిగా ఉండగానే చూశాను. చెయ్యి నోటిదాకా వెళ్ళలేదు, మధ్యలో ఆగింది. ఆ చెయ్యి కొంచెం చెదిరింది. కళ్ళు మాత్రం స్థిరంగా ఉన్నాయి. వెనకాల పడవ అంచు, దాని మీద ఆరేసిన వల. నేను పదేళ్ళుగా మనుషుల్ని బిగించి, ఊపిరి ఆపించి తీస్తున్నాను. ఇలాంటిది ఒక్కటి తీయలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"మీరు బిగించారు కాబట్టే ఆవిడ అంతలా వదులైంది. నేను పక్కన నిలబడ్డాను, అంతే," అన్నాడు.

అట్ట వెనక వేయడానికి కైకలూరాయన పెద్దాయన స్టూడియో ముద్ర తీశాడు. పెద్దాయన అడ్డం పడ్డాడు. "ఆయన ముద్ర వేయండి. పని ఆయనది." నా ముద్ర నా సంచీలోనే ఉంది. నేను వద్దన్నాను. ఆయన వినలేదు. పైగా నెగటివ్ కత్తిరించి కవరులో పెట్టి నాకిచ్చాడు. "రేపు ఇంకో కాపీ కావాలంటే వాళ్ళు మీ దగ్గరికే కదా వస్తారు?"

రెండున్నరకి వరండాలోకి వచ్చాం. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. నేను తీసినవి పాడైపోయాయని, ఇది ఈ పెద్దాయన తీశారని కొడుక్కి చెప్పాను. అతని మొహం మాడిపోయింది. అట్ట అందుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"మా అమ్మేనండి," అన్నాడు.

ముసలావిడ లాక్కుని చూసింది. "ఇదెప్పుడు తీశారు? నేను దీనికి కూర్చోలేదే?"

"మీరు కూర్చోలేదండి. మాట నిలబెట్టుకున్నారు," అన్నాడు పెద్దాయన.

"రెండు పళ్ళే మిగిలాయని ఊరంతా తెలిసిపోద్దిరా," అంది కొడుకుతో. కానీ అట్ట తిరిగి ఇవ్వలేదు. చీరకొంగులో చుట్టుకుని బస్సుకి నడిచింది. వాళ్ళు మలుపు తిరిగాక నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. కైకలూరాయన సోడా తెచ్చి చేతిలో పెట్టాడు.

సాయంత్రం రైలుకి ముందు పెద్దాయన ఒక పాడైన ప్రింటు వెనక మూడు అక్షరాలు రాసిచ్చాడు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'డెవలపరు' కాదు, అది పొడుగు. 'హైపో' కూడా కాదు. ఆయన రాసింది 'ఎడమ'. మిగతావి మా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఏడాది పట్టింది. ఇదంతా నేనే రాస్తున్నాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం ఐదుగురం. ఏలూరు పెద్దాయన. నన్ను బావా అని పిలిచే కైకలూరు ఫోటోగ్రాఫరు, అతను ఆ సంగతి చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. లంక నుంచి వచ్చిన కొడుకు. రెండు పళ్ళ మామ్మగారు. నేను.