మొగ్గున్న కాటా

విజయనగరం బజారులో పైడిరాజు షావుకారి కొట్టు తెలియనివాళ్ళు లేరు. ఆయన కొడుకు నగరేశ్వరరావు ఏం చేస్తున్నాడో మాత్రం ఆ బజారులో సగం మందికి తెలియదు. తెలియనివ్వలేదు పైడిరాజు. మద్రాసు వెళ్ళి ఇంజనీరింగు చదివి, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు ఊళ్ళో కొత్తగా పెట్టిన ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరుగా చేరిన కొడుకుని చూసుకుని ఏ తండ్రయినా మురిసి ముక్కలవ్వాలి. పైడిరాజుకి మాత్రం తల కొట్టేసినట్టయింది. తరతరాలుగా గల్లాపెట్టె ముందు కూర్చున్న వంశంలో పుట్టి, ఒకడి కింద జీతానికి చేరడమా! ఎవరైనా అడిగితే "బయటేదో పని సేస్తన్నాడులే" అని మాట దాటేసేవాడు.

కొడుకూ తక్కువవాడేం కాదు. కోటు తొడుక్కుని కాలేజీకి బయల్దేరితే తండ్రి కొట్టున్న వీధి తప్పించి చుట్టుతిరిగి వెళ్ళేవాడు. బెల్లం వాసన, చింతపండు మరకా తన లెక్చరరు హోదాకి అంటుకుంటాయని భయం. తిన్న అన్నం ఆ బెల్లంలోంచి వచ్చిందే కదా అని అడిగేవాళ్ళు లేకపోయారు.

కాలేజీ అనగానే పెద్ద మేడ ఊహించుకోకండి. పటాలం ఖాళీ చేసి పోయిన రేకుల షెడ్లు. వానొస్తే మేష్టారి గొంతు మేష్టారికే వినపడేది కాదు. అయినా అక్కడి మేష్టర్లని చూడాలి! పగిలిన బల్లమీద బ్రహ్మాండమైన వంతెన గీసి, రేపు గోదావరి మీద కట్టబోయేది ఇదే అన్నట్టు చెప్పేవారు. నిజంగా కట్టే పిల్లలు తయారయ్యేది ఆ షెడ్లలోంచే మరి. అందులో నగరేశ్వరరావు చెప్పేది లోహాల బలం. ఏ తీగ ఎంత బరువుకి సాగుతుంది, ఎంతకి తెగుతుంది అన్నది కళ్ళకి కట్టాలంటే యంత్రం ఉండాలి. ఆ యంత్రం ఇంగ్లండునుంచి రావాలి. అది ఓడెక్కిందో లేదో దేవుడికే ఎరుక. ఈలోగా యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. తీగ తెంచి చూపించలేని కాలేజీ పిల్లల్ని పరీక్షకి ఎలా కూర్చోనిస్తారని ప్రిన్సిపాలు గారికి బెంగ పట్టుకుంది.

మేష్టర్ల సమావేశంలో నగరేశ్వరరావు లేచాడు.

"మా కొట్లో పెద్ద కాటా ఉందండీ. ఒక కొసనుంచి నేలకి తీగ బిగించి, రెండోవైపు పళ్ళెంలో తూకపురాళ్ళు వేస్తూ పోతే అదే మనకి యంత్రం. మా నాన్నగారి కాటా అబద్ధం చెప్పదు," అన్నాడు.

కొట్టు పేరెత్తడానికే నామోషీ పడే మనిషి నోట ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. కానీ అన్నది మనసులోంచే అన్నాడు.

అడగ్గానే పైడిరాజు ఇంతెత్తున లేచాడు. అది రోజూ పసుపు రాసి బొట్టు పెట్టే కాటా. దాన్ని దాటితే పాపం. దానిమీద తూస్తున్నప్పుడు మొదటిదాన్ని ఒకటి అనకుండా "లాభం" అని లెక్క మొదలుపెట్టాలి. అలాంటిదాన్ని కుర్రాళ్ళ ఆటలకి ఇవ్వడమా! చివరికి నగరేశ్వరరావు తల్లి బుజ్జమ్మ కలగజేసుకుంది.

"తీస్కెల్లనీ. ఇన్నాల్లకి ఈ కొట్లోది ఒక వస్తువు ఆడికి అక్కరకొచ్చింది. దానికీ కాదంటావేటి?" అంది.

ఆ మాటకి పైడిరాజు మెత్తబడ్డాడు. తను పక్క కొట్లోంచి కాటా ఎరువు తెచ్చుకున్నాడు. నగరేశ్వరరావు కాటాని గోనెపట్టాల్లో చుట్టబెట్టి, జట్కాలో వేయించి, కాలేజీ వెనక గుమ్మం దగ్గర దింపించాడు. షావుకారి కొడుకు కాటాతో వచ్చాడని పిల్లలు నవ్వుతారని అతని భయం. ఆ నవ్వు ఇంకోదానికి రానే వచ్చింది. తీగ బిగించి, మొదటి రాయి పళ్ళెంలో పెడుతూ అతను అలవాటుగా "లాభం" అన్నాడు. క్లాసు క్లాసంతా గొల్లుమంది.

తరవాత జరిగినదానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. పుస్తకంలో రాసిన బరువు ఇంకా పడకుండానే తీగ పుటుక్కుమంది. ఇంకో తీగ వేశారు. అదీ అంతే. తీగ మంచిది కాదన్నాడు నగరేశ్వరరావు. సర్వే పాఠం చెప్పే జగన్నాధం గారు చూడడానికి వచ్చి అక్కడే నిలబడి ఉన్నాడు. పెద్దవాడు, నోరు పచ్చిమిరపకాయ.

"తీగని రెండోవైపు కట్టి చూడండి," అన్నాడాయన.

రెండోవైపు కడితే పుస్తకంలో ఉన్నదానికన్నా ఎక్కువ బరువు పడ్డాకగానీ తెగలేదు. ఇక తీగ తప్పేం లేదు. కొలిచి చూస్తే కాటా కడ్డీ సరిగ్గా నడిమధ్యనుంచి వేలాడడం లేదు. ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. పొట్టివైపు పళ్ళేనికి కాస్త బరువు కలిపి, ఖాళీగా ఉన్నప్పుడు సమంగా నిలిచేలా ఎవడో పనిగట్టుకుని చేశాడు.

"ఖాళీగా ఉంటే బుద్ధిమంతురాలు. సరుకు పెడితేనే బుద్ధి మారుతుంది," అన్నాడు జగన్నాధం గారు. "మీ నాన్నగారి కాటా అబద్ధం చెప్పదన్నారు. నిజం చెప్పడం కూడా నేర్పలేదేమో!"

నగరేశ్వరరావు పళ్ళెంలోంచి రాళ్ళు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు. తీస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు తండ్రి సరుకుని ఒకసారి ఈ పళ్ళెంలో, ఒకసారి ఆ పళ్ళెంలో వేయడం చూశాడు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అమ్మేటప్పుడు ఒకవైపు, కొనేటప్పుడు ఒకవైపు. దొంగకాటా పెట్టుకున్నవాడు చేసే పని సరిగ్గా అదే కదా! కొట్టంటే నామోషీ పడ్డాడు గానీ తండ్రిని దొంగ అని అతను కలలో కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రం, ఎన్నాళ్ళకో మొదటిసారిగా, కోటుతోనే తిన్నగా కొట్టుకి వెళ్ళాడు. అడుగుదామని నోరు తెరిచేసరికి అక్కడ వేరే గొడవ నడుస్తోంది. శృంగవరపుకోట నుంచి చింతపండు బండి తోలుకొచ్చిన రైతు ఎర్రన్న ఎరువుకాటా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ కాటా ఏటయింది షావుకారూ? దీని మీద నా సింతపండు తరిగిపోతన్నాది. మీ దానిమీద ఇంకా తూగుతాది."

"ఇదే ధర్మకాటారా. ఇది సెప్పిందే నిజం."

"ఆ నిజం నాకెందుకు బాబూ? మీ కాటా వచ్చినాకే అమ్ముతాను. ఈ కోటుబాబెవులు?"

"మావోడేలే. బయట పని సేస్తన్నాడు," అని పైడిరాజు మొహం తిప్పుకున్నాడు.

రైతు సరుకు తండ్రి కాటామీద ఎక్కువ తూగుతుంది. నగరేశ్వరరావుకి గుండెలమీంచి బండ దింపినట్టయింది. ఎర్రన్న వెళ్ళేదాకా ఆగి, "నాన్నా, కాటా కడ్డీ సమంగా లేదు. నీకు తెలుసా?" అన్నాడు.

"తెలకేం? మా నాన్న కమ్మరి గంగులు సేత అలాగే సేయించినాడు. అమ్మినప్పుడు సరుకు పొట్టివైపు, కొన్నప్పుడు పొడుగువైపు. ఎటుసూసినా అవతలోడికే మొగ్గు."

"ఎందుకలాగ?"

"తూసేవోడి సెయ్యి ఎప్పుడూ తనవైపే లాగుతాదిరా. ఎంత మంచోడిదైనా సరే. సెయ్యికి సెప్పలేం. కడ్డీకైతే సెప్పుకోవచ్చు." కొడుకు మొహంలోకి చూశాడు. "ఏటి, నన్ను దొంగనుకున్నావేటి?"

నగరేశ్వరరావు తల వంచుకున్నాడు. అనుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది, అనుకోలేదనడానికి నోరు రాలేదు. ఆ తాతకి మనవణ్ణి, ఈ తండ్రికి కొడుకుని అనుకుంటే మాత్రం కోటు కింద ఛాతీ పొంగింది. మద్రాసు పట్టా చేతికొచ్చిననాడు కూడా అంత పొంగలేదు.

తనిఖీవాళ్ళు వచ్చిననాడు నల్లబల్లమీద కడ్డీ బొమ్మ వేసి, పొట్టిచేతికీ పొడుగుచేతికీ ఎంత తేడానో, దాన్ని లెక్కలో ఎలా సవరించాలో పిల్లల చేతే చెప్పించాడు. తీగ తెగిన బరువు పుస్తకంలో మాటకి సరిపోయింది. వచ్చినవాళ్ళలో పెద్దాయన నవ్వి, "చట్టప్రకారం ఇది దొంగకాటాయే కదా!" అన్నాడు.

"అవునండీ. కొట్టువాడి సరుకే దొంగిలిస్తుంది. మా తాతగారు చేయించారు," అన్నాడు నగరేశ్వరరావు, వెనక వరసలోవాళ్ళకి కూడా వినపడేలా.

మర్నాటినుంచి జగన్నాధం గారింటి పప్పూ ఉప్పూ పైడిరాజు కొట్లోంచే వెళ్ళడం మొదలైంది. నోరు ఎంత ఘాటైనా లెక్క తెలిసిన మనిషి!

కాలేజీకి అనుమతి దక్కింది, పిల్లలు పరీక్షకి కూర్చున్నారు. మరుసటి సంవత్సరం ఇంగ్లండు యంత్రం కూడా వచ్చింది. కాటా ఇంటికి పంపే రోజున వర్క్‌షాపువాళ్ళు గోనెపట్టాలు తెచ్చారు. నగరేశ్వరరావు వద్దన్నాడు. కాటాని బండిమీద అందరికీ కనపడేలా పెట్టించి, కోటుతో దాని పక్కనే నడుస్తూ గంటస్తంభం మీదుగా బజారంతా దాటించి తీసుకొచ్చాడు. కొట్లో దాని పాత కొక్కేనికి తనే తగిలించాడు. పైడిరాజు పసుపు రాసి బొట్టు పెట్టాడు.

కాటా వచ్చిందని తెలిసి ఎర్రన్న ఆ ఏటి కొత్త చింతపండు బుట్టలతో దిగాడు. ఎవరూ చెప్పకుండానే నగరేశ్వరరావు కోటు చేతులు పైకి మడిచి, బుట్టని పొడుగువైపు పళ్ళెంలోకి ఎత్తి, "లాభం" అన్నాడు.

ఎర్రన్న సంబరపడిపోయాడు. "మీవోడు మొత్తానికి కొట్టుకొచ్చేసినాడన్నమాట షావుకారూ!"

బజారంతా వినపడేలా పైడిరాజు కసిరాడు.

"ఊరుకో ఎర్రన్నా! ఈడొచ్చి ఇక్కడ కూకుంటే, అక్కడ ఇంజనీర్లకి పాఠమెవుడు సెప్తాడు?"