కథలో వాన పడకూడదు

మొన్న అనంతపురం నుంచి కంబదూరు వెళ్లే బస్సులో నా పక్క సీటామె ఫోనులో నా సీరియలే చూస్తోంది. రాసింది నేనేనని ఆమెకు తెలియదు. తెరమీద, మన భూమి కాని మరో గ్రహంలో, ఇనుప తొడుగులు వేసుకున్న మనుషులు నీటికోసం బండను తొలుస్తున్నారు. "ఆడ పడదప్పా, వట్టి దుమ్మే లేస్తాండాది," అని ఆమె వాళ్లకు సలహా చెప్పింది. బోర్లు వేయించి విసిగినవాళ్లకు ఏ గ్రహమైనా ఒకటే. నాకు నవ్వొచ్చింది గానీ మనసు నవ్వే స్థితిలో లేదు. ఆ పొద్దున్నే నిర్మాత ఫోన్ చేశాడు. "మేడమ్, ఆఖరి ఎపిసోడ్‌లో వాన కురవాలి. మీరు రాయనంటే వేరేవాళ్లతో రాయిస్తాం. సాయంత్రంలోగా చెప్పండి," అన్నాడు. ఎన్నో ఏళ్లు మోసిన కథ. చివరి అడుగులో నా చేతుల్లోంచి జారిపోయేలా ఉంది.

ఈ రాతపని నాకు అబ్బింది కంబదూరులో, మా అవ్వ ఇంటి వసారాలో. ఎండాకాలం చివర్లో అక్కడ విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచేవాళ్లు. కాయల మీద నీళ్లు చిలకరించి, గోనెలు కప్పి, మెత్తబడ్డాక కుప్ప పోస్తే చుట్టూ ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. తడి తొక్కల వాసన ఇంటి లోపలిదాకా వచ్చేది. ఒలిచిన విత్తనాలు నోళ్లలోకి వెళ్లిపోకుండా అవ్వ కథ చెప్పేది. కథ బిగువుగా ఉన్నంతసేపూ అందరూ తినడం మరిచిపోయి వినేవాళ్లు. కాస్త చప్పబడిందా, గింజలు నమిలే చప్పుడు మొదలయ్యేది. ఇప్పుడు టీవీవాళ్లు రేటింగులని తలలు పట్టుకుంటారే, అవ్వ ఆ సంగతి చెవితోనే పట్టేసేది. ఆ కథలకు ఒకటే కట్టడి, వాన పడకూడదు. విత్తకముందే కథలో వాన కురిపిస్తే ఆ ఏటి వాన కాస్తా అక్కడే అయిపోతుందని మావాళ్ల నమ్మకం. రాజులు చావొచ్చు, రాణులు అడవుల పాలు కావొచ్చు, ఎవరూ తడవకూడదు.

ఒకరోజు అవ్వ గొంతు బొంగురుపోతే నన్ను చెప్పమన్నారు. చిన్నపిల్లను, ఊపు మీదున్నాను. నా రాకుమారికి దాహం వేసిందని మబ్బులు కమ్మించేశాను. ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి.

"యాడ పడ్తాండాదే ఆ వాన?" అంది అవ్వ, ఆ పోయిన గొంతుతోనే.

"మన ఊర్లో కాదవ్వా, చుక్కల్లో ఇంకో లోకంలో," అన్నాను భయపడి.

అవ్వ కాసేపు ఆలోచించింది. "ఆడ గూడా వద్దులే. మబ్బులు యాడ్నుంచి యాడికి పోతాంటాయో ఎవురికి తెలుసు? నీళ్లు ఇంకో తీరుగా తెప్పీ," అంది. ఇక నేను ఆ లోకపు జనంచేత గాలిని పిండించాను, రాళ్లకు చెమటలు పట్టించాను, చివరికి చుక్కల మధ్యనున్న మంచుకొండను బండికి కట్టి లాగించాను. కుప్ప అయిపోయేదాకా నమిలే చప్పుడు వినబడలేదు. దాన్ని సైన్స్ ఫిక్షన్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

హైదరాబాదులో మొదట అత్తాకోడళ్ల సీరియళ్లకు మాటలు రాశాను. కోడలి చేతిలోంచి జారిన గ్లాసు నేలను తాకడానికి వారమంతా పట్టేలా రాయడంలో నాకు మంచి పేరుండేది. రాస్తూనే నా వానలేని గ్రహం కథ పట్టుకుని తిరిగాను. ఒక చానల్‌వాళ్లు ఒప్పుకున్నారు, చివర్లో వాన పెడితే. పెట్టనన్నాను. కథ వెనక్కొచ్చింది. ఆ రోజు బాగా ఏడ్చాను, మర్నాడు మళ్లీ గ్లాసుల దగ్గరికి వెళ్లాను. చాలా ఏళ్లకు ఈ నిర్మాత, వాన ఊసెత్తకుండా, ఆ కథను తీసుకున్నాడు. నన్ను ఆపేది అవ్వ మాట ఒక్కటే కాదు. నీళ్లు లేనిచోట మనుషులు పట్టుదలగా బతికిన కథ అది. ఆఖర్న వాన వస్తే వాళ్లు పడ్డ పాటుకు రావాల్సిన పేరంతా మబ్బుకు పోతుంది. అది నేను ఒప్పుకోలేను.

బస్సు కల్యాణదుర్గం దాటింది. చేలన్నీ దున్ని ఎర్రగా, ఖాళీగా ఉన్నాయి. ఉండబట్టలేక పక్కామెను అడిగాను. "అక్కా, ఆఖర్న ఆడ వాన పడ్తాదంటావా?"

ఆమె ఫోను ఆపి కిటికీలోంచి చేలవైపు చూసింది. "పడకుంటేనే మేలు. మేమింకా ఇత్తనం ఎయ్యలేదు," అంది.

నిర్మాతకు అప్పుడే ఫోన్ చేశాను. "వాన లేదు. వేరేవాళ్లతో రాయించుకుంటే నా పేరు తీసేయండి," అన్నాను. అతను రేటింగుల లెక్కలన్నీ చెప్పిచూశాడు. "మరి నీళ్లెలా వస్తాయి మేడమ్?" అన్నాడు చివరికి, ఓడిపోయినవాడిలా.

"మంచుకొండను లాక్కొస్తారు. రాత్రికి పంపిస్తాను," అన్నాను.

అవ్వ పోయింది, ఆ వసారా పోయింది, కాయలు మిషన్లు ఒలిచే కాలం వచ్చింది. ఆమె ఆపమన్న వానను మాత్రం నేనింకా ఆపుతూనే ఉన్నాను.