ఎండకాలపు వణుకు

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ మా స్టీల్ గిటార్ మోగని పెండ్లి లేదు. మేము వాయిస్తుంటే పందిట్ల చంటిపిల్లలు ఏడుపు ఆపేటోళ్లు. వంటోళ్లు గరిటెలు కింద వెట్టేటోళ్లు. మీద పోయే కాకులు సుత ఆగి వినేటియి.

కాకుల సంగతి జర ఎక్కువైంది. ఒకటే కాకి. అది సుత పాట కోసం రాలే, మా లౌడ్ స్పీకర్ హారన్‌ల గూడు కట్టుకోవచ్చునా అని జూడవచ్చింది.

ఇంకో మాట సుత ఇక్కడనే ఒప్పుకుంటే నయం. ‘మేము వాయిస్తుంటే’ అన్న గదా. వాయించింది ఉస్తాద్. నేను మైకు పట్టుకున్న.

ఉస్తాద్‌ది గద్వాల. పొద్దంత సైకిల్ షాపుల పంక్చర్లు వేసేటోడు, పెండ్లిల్ల దినాలు వస్తే గిటార్ సంచిల వెట్టుకొని బస్సెక్కేటోడు. అది అందరి లెక్క ఛాతికి ఆనించి కొట్టే గిటార్ కాదు. బాసింపట్టు వేసుకొని కూసొని, గిటార్‌ను తొడల మీద వెల్లకిల పండవెట్టి, కుడిచేతితోని తీగలు మీటుతడు, ఎడమచేతిల ఇనుపకడ్డీ పట్టుకొని తీగల మీద జారిస్తడు. ఆ కడ్డీ ఆయన సొంతంగ చేసుకున్నదే. పాత సైకిల్ పెడల్ ఇరుసును అరగదీసి, అరగదీసి, అద్దం లెక్క చేసిండు. అది తీగ మీద జారుతుంటే మాటలు మర్చిపోయిన మనిషెవరో పాడుతున్నట్టు ఉండేది. ఇందులో నేను కలిపింది ఏం లేదు.

నాది ఆత్మకూరుల మైక్ సెట్ దుకాణం. ఒక యాంప్లిఫయరు, రెండు హారన్లు, ఒక్క మైకు. మైకుకు స్టాండ్ ఉండె గాని అది నిలవడి పాడేటోళ్ల కోసం చేసింది. ఉస్తాద్ జంపఖానా మీద కూసుంటడు. గందుకే నేను ఆయన పక్కన మోకాళ్ల మీద కూసొని, మైకును గిటార్ గుండ్రం దగ్గర పట్టుకునేటోన్ని. పెండ్లి అయ్యేదాంక గట్లనే.

మా మైక్ సెట్ల పనిల ఒక ఆనవాయితీ ఉంది. పందిరి ఎనుక ఇనుపరాడు భూమిల దిగగొట్టి, దానికి ఎర్తు తీగ కట్టి, రాడు మొదట్ల ఉప్పునీళ్లు పొయ్యాలె. నేల తడిగ ఉంటే మైకు సాధువు. నేల ఎండిందంటే మైకుల కరెంటు దిగి చెయ్యి జిల్లుమంటది. మా దిక్కు ఎండలు మీకు తెల్వనియి గావు. పొద్దుగాల ఒక బిందెడు పోస్తే తాళి కట్టే యాల్లకు పీల్చుకుంటది. నేను పాట నడుమ లేచిపోయి నీళ్లు పొయ్యరాదు. తువ్వాల చుట్టి పట్టుకుందును గాని చెమటకు తువ్వాల సుత తడిసేది. జిల్లు! మైకు వణికేది. జిల్లు! ఇంకోసారి వణికేది.

ఆ వణుకే హారన్‌ల వడి ఊరంత ఇనవడేది. పాట మంచిగ పోతా పోతా ఒక్కసారి ఎక్కిళ్లు వచ్చినట్టు అదిరి, మల్ల సర్దుకునేది. ఆడోళ్లు కొంగు కండ్లకు అద్దుకునేటోళ్లు. ఏదో పెండ్లిల ఎవరో టేపుల రికార్డు చేసిన్రు. ఆ క్యాసెట్‌కు కాపీ, కాపీకి కాపీ అయ్యి గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాంక చేరింది. ‘ఉస్తాద్ వణుకు’ అని దానికో పేరు సుత వడ్డది. తెలివిగల్లోళ్లు ఇంకో సంగతి కనిపెట్టిన్రు. ఎండకాలం పెండ్లిల్లల్లనే ఆ వణుకు పలుకుతదంట, శ్రావణం పెండ్లిల్లల్ల పలకదంట. ఎందుకంటే ఉస్తాద్ తల్లి ఎండకాలంల కాలం చేసిందంట.

నేను నోరు మూసుకున్న. అందుల నా స్వార్థం సుత ఉండె.

పెండ్లిచూపులకు ఖిల్లా ఘణపూర్ పోయినప్పుడు పిల్ల తండ్రి, “అబ్బాయి ఏం జేస్తడు?” అని అడిగిండు. మైక్ సెట్ అంటే పిల్లనిస్తడో ఇయ్యడో అని “ఉస్తాద్ తోని స్టీల్ గిటార్” అన్న. ‘తోని’ అనే మాట ఎంత బరువైనా మోస్తది. పెండ్లయిన వారానికే మా ఇంటామె అడిగింది:

“ఒక్క పాట వాయించరాదయ్య.”

ఆ దినం నా నోట్లకెల్లి ఒక శాస్త్రం వడ్డది. “గురువు బతికున్నంత కాలం శిష్యుడు తీగ ముట్టొద్దు. మా సంగీతపోళ్ల కట్టుబాటు.”

ఆమె నమ్మింది. నలభై ఏండ్లకు పైన నమ్మింది. నడుమ నడుమ “మీ ఉస్తాద్ ఎట్లున్నడు?” అని అడిగేది. “భేషుగ్గ ఉన్నడు” అనేటోన్ని. ఎందుకు అడుగుతుందో నేను ఎన్నడూ ఆలోచించలే.

మొన్న వనపర్తి నుంచి ఒక సంగీతం సారు ఫోన్ చేసిండు.

“సార్, ఉస్తాద్ గారికి సన్మాన కచేరి పెడుతున్నం. మూడు జిల్లాల శిష్యులందరు వస్తున్నరు. మీరు తొలి శిష్యులని ఆత్మకూరు బస్టాండు కాడ చాయ్ హోటల్ మొత్తం చెప్తుంది.”

చాయ్ హోటల్‌కు చెప్పింది ఎవరో మీకు చెప్పే పని లేదు.

“శిష్యున్ని అనుకోను సార్, ఆయన కుడిభుజాన్ని” అన్న. గిదంత వినయమే అనుకోండి.

“మీరు ఒక్క పాట వాయించాలె.”

“గురువు ఉండంగ…”

“తెల్సు సార్, మీ కట్టుబాటు సంగతి సుత హోటల్ల చెప్పిన్రు. ఉస్తాద్ గారే స్వయంగ స్టేజీ మీద మీకు అనుమతి ఇస్తరు. మేం మాట్లాడుకున్నం.”

ఫోన్ పెట్టేసరికి ఇంటామె ఎదురుంగ నిలవడ్డది. కండ్లల్ల నీళ్లు. “మొత్తానికి నీ పాట ఇంటున్న” అని, పుట్టింటోళ్లకు ఫోన్ కలిపింది. సందెవరకు ఘణపూర్‌ల అన్నదమ్ములు, వదినెలు, వాళ్ల వియ్యంపులు ఒక జీపు మాట్లాడుకున్నరు.

తెల్లారి నేను గద్వాల బస్సెక్కిన. ఉస్తాద్ కాళ్లు పట్టుకొని, అనుమతి ఇయ్యకు అని బతిమాలుకోవాలె. అంతకు మించి తొవ్వ లేదు.

ఉస్తాద్ సైకిల్ షాపు ముంగట మంచం మీద కూసున్నడు. ఎనభై దాటినయి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, ఒళ్లె పెట్టుకున్నడు, ఎవరిదో సామాను లెక్క. చెవులు సుత మందగించినయి. నేను ఆ సంగతి మర్చిపోయి చెవి దగ్గర గుసగుస అన్న.

“ఉస్తాద్, నాకు గిటార్ రాదు.”

“క్యా?”

“నాకు గిటార్ రాదు!”

“సితార్?”

“గిటార్, ఉస్తాద్! నాకు రాదు! నలభై ఏండ్ల సంది అబద్ధం చెప్తున్న!”

ఎదురు హోటల్ల పరోటా తిరగేసేటోని చెయ్యి ఆగింది. చీరల దుకాణం మెట్ల మీద ఇద్దరు ఆడోళ్లు నా దిక్కు తిరిగిన్రు. ఉస్తాద్ కోడలు పరదా జరిపి జూసి లోపలికి పోయింది, నవ్వడానికి.

ఉస్తాద్ మీసంల నవ్విండు. “గది తెల్సు గదా మియా. నా పక్కనే కూసున్నవ్. ఒక్కనాడన్న తీగ ముట్టినవా? గిందుకేనా గింత లొల్లి?”

“అనుమతి ఇయ్యకుండ్రి. ఇంటిది నా తోలు తీస్తది.”

“ఇస్త. పక్కా ఇస్త. నా పేరు మీద నలభై ఏండ్లు చాయ్ తాగినవ్, ఒక్క దినం చెమట కార్చు.”

నాకు కోపం వచ్చింది. మల్ల ఒర్రిన: “మరి మీ వణుకు సంగతేంది? అది మీ చెయ్యా, నా కరెంటు షాకా? అమ్మ యాదిల పలుకుతదని జనం అంటుంటే ఊకున్నరు గదా!”

“మా అమ్మ వానకాలంల పోయింది మియా” అన్నడు, తాపీగ. “ఎవరో ఒకాయన వచ్చి ఏడ్చుకుంట, ఆ వణుకు ఎట్లొస్తది ఉస్తాద్ అని అడిగిండు. ఉప్పునీళ్లు ఎండిపోతే వస్తది అని ఎట్ల చెప్పాలె? అల్లా దయ అన్న. గంతే. నీది గంత, నాది గింత. ఇద్దరం ఒక స్టేజీ మీద కూసుందాం, రా.”

వనపర్తిల ఫంక్షన్ హాలు. గేటు కాడ ఫ్లెక్సీ, ఉస్తాద్ బొమ్మ కింద నా బొమ్మ. హాలుల వెయ్యి మంది. సరే, రెండొందలు. అందుల ఇరవై మంది మా జీపోళ్లే. ఇంటామె గద్వాల చీర కట్టుకొని రెండో వరుసల కూసుంది.

శిష్యులు ఒక్కొక్కరే వాయించిన్రు. అందరియి కరెంటు గిటార్లు, మైకు పట్టుకునే మనిషితోని పనే లేదు. పాట చివరికి వచ్చేసరికి అందరు వణుకు పలికించబట్టిరి. ఒకాయన భుజం అదిరించిండు. ఒకాయన గదుమ సుత అదిరించిండు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఒకాయన వాయించి, లేచి, చెమట తుడుచుకొని చెప్పిండు: “ఈ వణుకు ఎడమచేతి నరంల ఉంటది. పన్నెండేండ్లు సాధన చేసిన. ఇంకా ఉస్తాద్ గారి కాలిగోటికి సుత రాలే.”

ముంగటి వరుసల ఉస్తాద్ నా దిక్కు జూసి కన్ను గొట్టిండు.

నా పేరు పిలిచిన్రు. ఉస్తాద్‌ను కుర్చీతోని స్టేజీ మీదికి ఎక్కిచ్చిన్రు. ఆయన ఎడమచెయ్యి ఎత్తి, “ఇజాజత్ హై, అనుమతి ఇచ్చిన” అన్నడు. చప్పట్లు. ఆయన పాత గిటార్ తెచ్చి నా ఒళ్లె పెట్టిన్రు. నేను రెండో వరుస దిక్కు జూసిన. ఆమె రెండు చేతులు గదుమ కింద పెట్టుకొని ఉంది, చిన్నపిల్ల లెక్క.

ఆ మొఖం జూసినంక నాతోని కాలే. మైకు అందుకున్న.

“అయ్యా, నాకు గిటార్ రాదు.”

హాలంత గొల్లున నవ్వింది.

“నిజం జెప్తున్న. నేను శిష్యున్ని కాను. మైకు పట్టుకున్నోన్ని, గంతే.”

“చూసిన్రా!” సంగీతం సారు ఇంకో మైకు అందుకొని అన్నడు. “గురువు ముందట శిష్యుడు ఇట్లుండాలె. ఎంత పెద్ద విద్వాంసుడైనా, మైకు పట్టుకున్నోన్ని అంటున్నడు!”

జనం లేచి నిలవడి చప్పట్లు గొట్టిన్రు. నా జన్మల నేను స్టేజీ మీద చెప్పిన నిజం అదొక్కటే, దాన్ని ఒక్కడు సుత నమ్మలే. కాదు, ఒక్కామె నమ్మింది. రెండో వరుసల గదుమ కింది చేతులు దిగినయి.

అప్పుడు ఉస్తాద్ కుర్చీ నా పక్కకు జరిపిచ్చుకున్నడు. జేబుల నుంచి ఆ పెడల్ ఇరుసు తీసి, ఎడమచేత్తోని తీగల మీద పెట్టిండు. “నా కుడిచెయ్యి లేదు. నీకు విద్య లేదు. నేను నీ కాలు తొక్కినప్పుడల్లా మీటు” అన్నడు, నాకు మాత్రమే ఇనవడేటట్టు. అంటే, ముంగటి మూడు వరుసలకు.

ఆయన తొక్కిండు, నేను మీటిన. నేను ఒక తీగ మీటితే రెండు మోగినయి. ఆయన తిట్టిండు, మల్ల తొక్కిండు. కడ్డీ జారింది. సగం పాట వచ్చింది. బాగున్నదని చెప్పను, అయినా అది ఆయన చెయ్యే, ఆ జారుడు ఇంకెవ్వరికి రాదు. చివరికి వచ్చినంక ఆయన నా చెవిల అడిగిండు:

“వణుకేది మియా?”

“ఈడ ఎర్తింగ్ మంచిగుంది ఉస్తాద్” అన్న, ఆయన చెవిల గట్టిగ.

ఆయన నవ్విన నవ్వుకు కడ్డీ తీగ మీద అదిరింది. నాగర్‌కర్నూల్ ఆయన లేచి దండం పెట్టిండు.

తిరుగు తొవ్వల ఇంటామె జీపుల డ్రైవర్ పక్కన కూసుంది. ఆత్మకూరు చేరి, తలుపు తీసి, చెంబెడు నీళ్లు తాగినంక అన్నది:

“రాదని చెప్తే సచ్చిపోతుంటినా నేను?”

“తప్పయింది.”

“నీ తప్పు అటుండని. నా పాపం సంగతేంది?”

“నీదేం పాపమే?”

ఆమె గోడ దిక్కు తిరిగింది. “ఆ ముసలాయనకు జరం వచ్చిందంటే, దవాఖానల ఉన్నడంటే, నా మనసుల ఏడనో ఒక మూల… ఇగ నువ్వు వాయిస్తవేమో అని ఆశ పుట్టేది. మల్ల లెంపలు ఏసుకొని దీపం పెట్టేదాన్ని. ఎన్నిసార్లో! ఒక మనిషి ఎప్పుడు పోతడా అని చూసిన. నీ శాస్త్రం నాతోని గంత పని చేపించింది.”

నేను చానా అబద్ధాలు ఆడిన. వాటికి ఎవరో ఒకరు లోపల్లోపల దీపాలు పెట్టుకుంటరని తెల్వదు.

“రేపు గద్వాల పోదాం” అన్నది. “ఆయనకు చెప్పుకోవాలె.”

పోయినం. మంచం పక్కన నేల మీద కూసొని, కొంగు నిండుగ కప్పుకొని, మెల్లగ చెప్పింది. ఉస్తాద్ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు.

“క్యా బేటీ?”

“మీరు ఎప్పుడు… అని చూసిన చాచా.”

“ఏంది? జర గట్టిగ!”

ఆమె నా దిక్కు చూసింది. నేను సైకిల్ చక్రాల దిక్కు చూసిన. ఆమె కండ్లు మూసుకొని గద్వాల బజారు మొత్తం ఇనేటట్టు ఒర్రింది: “మీరు ఎప్పుడు సస్తరా అని చూసిన చాచా!”

పరోటా తిరగేసేటోడు ఈసారి పొయ్యి బంద్ చేసి బయటికి వచ్చిండు.

ఉస్తాద్‌కు దగ్గు వచ్చేదాంక నవ్వు ఆగలే. తర్వాత ఆమె తల మీద ఎడమచెయ్యి పెట్టిండు. “జర ఓపిక పట్టు బేటీ. వీనికి ఒక్క పాటన్న పూరా నేర్పిచ్చి పోత.”

అప్పటి సంది వారం వారం నేను గద్వాల పోతున్న. ఆయన కాలు తొక్కుతడు, నేను మీటుత. ఇదంత రాసుకోవచ్చునా అని అడిగితే “రాయి మియా, నాకెట్లనూ అక్షరాలు కనవడయి” అన్నడు. ఇంటికి రాంగనే ఆమె, పాట ఎంతవరకు వచ్చిందని అడుగుతది. ఇంకా పల్లవిలనే ఉన్న అని చెప్త. మొన్న చరణంల సగం వచ్చింది గాని చెప్పలే. ఉస్తాద్ ముందట సుత కావాల్నని తప్పు తీగ మీటిన. ఆయన తిట్టి, మల్ల మొదటి నుంచి మొదలువెట్టిండు.

“తొందరేం లేదు, మెల్లగనే నేర్చుకో” అన్నది ఇంటామె.