పిన్ని మడమల మైనం

మా కంకిపాడు బాబాయి రైఫిల్ క్లబ్బులో షూటరు. పేల్చిన తూటాల ఇత్తడి తొడుగులను మళ్లీ వాడుకోవడానికి అచ్చులో నొక్కి సైజుకు తెచ్చుకునేవాడు. అచ్చులో ఇరుక్కోకుండా తొడుగుకు ఏ జిడ్డు పట్టించాలన్నా, ముందు దాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది, జారుడు పసిగట్టడానికి కళ్లు మూసుకునేవాడు.

పోటీకి ముందురోజు, పల్చటి నూనె రాసిన తొడుగు అచ్చులో బిగుసుకుపోయింది. చిక్కటి గ్రీజు రాస్తే ఇంకోటి సొట్టపడింది. బాబాయి దిగులుగా కూర్చున్నాడు.

"నా మడమల పగుళ్లకి రాసుకునేది చూడండి, గొర్రె బొచ్చు నుంచి తీసిన మైనమేగా," అంది పిన్ని.

బాబాయి దాన్ని వేళ్ల మధ్య రుద్ది కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. తర్వాత కొంచెమే పూసి నొక్కితే తొడుగు సాఫీగా జారివచ్చింది.

మర్నాడు క్లబ్బులో ఎవరో ఆ తొడుగుల నునుపు చూసి, "ఏం వాడారండీ?" అని అడిగారు.

"మా ఆవిడ కాళ్ల మందండీ!" అన్నాడు బాబాయి, అందరికీ వినబడేలా.

పోటీ చూడ్డానికి వచ్చి పక్కనే కూర్చున్న పిన్ని పాదాలను కుర్చీ కిందికి లాక్కుంది. నవ్వు మాత్రం దాచుకోలేకపోయింది.