మా వంటింట్లో రెండో పొయ్యి

ఆ రోజుల్లో కొత్త కోడలంటే నోరు తెరిచి ఏదీ అడగని మనిషి అని అర్థం. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడక్కుండా, తినేవాళ్ల ముఖాలు చూసి తెలుసుకోవాలి. అలాంటి కాలంలో నేను అత్తారింటికి వచ్చిన రెండో ఏడాదికల్లా వంటిల్లు మార్పించమని అడిగాను. అడిగింది మా ఆయన్నే అనుకోండి (అదీ ట్రాములో, చుట్టూ జనం ఉండగా, ఆయన గట్టిగా కాదనలేని చోట). ఆ ఒక్కటీ అడిగేసి, అడగాల్సిన తక్కినవేవీ అడక్కుండా ఊరుకోవడం వల్ల జరిగిన గందరగోళమే ఇది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నేను పంపు దగ్గర కూర్చుని ఏడ్చిన మాట నిజం.

మా ఇల్లు ఏక్‌బాల్‌పూర్‌లో, రేవుకి దగ్గర్లో. మా మామగారు పోర్టులో పనిచేసే రోజుల్లో ఎవరి దగ్గరో కొన్న పాత ఇల్లు. గోడలు దుక్కల్లా ఉండేవి, కిటికీలు మాత్రం పిసినారి చేతుల్తో పెట్టినట్టు ఉండేవి. వంటిల్లు మరీ చీకటి. నేల మీద మట్టితో మెత్తిన బొగ్గుల పొయ్యి, దాని ముందు పీట, పీట మీద మా అత్తయ్య. మామగారు పోయినప్పటి నుంచీ ఆవిడ తెల్లచీరలే కట్టేది. ఆ పొగలో చీర ఒక్కటే కనపడేది, మనిషి కనపడేది కాదు. కానీ ఆవిడకి మాత్రం అందరూ కనపడేవాళ్లు. గుమ్మంలో ఎవరు అడుగు పెట్టినా తలెత్తకుండానే, "ఏటి, ఇవాళ ఆఫీసు నుంచి బేగొచ్చీసినావు" అని కొడుకునీ, "తడికాళ్లతో రాకే పిల్లా, జారిపడతావు" అని నన్నూ పలకరించేది. ఈవిడకేవో శక్తులున్నాయని నేను మొదటి ఏడాదంతా భయపడ్డాను.

నేనేమో వాల్తేరు రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని. అక్కడ మా అమ్మ గట్టు మీద పొయ్యి పెట్టుకుని నిలబడి వండేది. ఇక్కడ పీట మీద కూర్చుంటే నా కాళ్లు తిమ్మిరెక్కేవి, పొగకి కళ్లు మండేవి. ఎప్పుడో రాయించిన గ్యాసు ఎట్టకేలకు వచ్చేసరికి, గట్టు కట్టించడానికి ఒక సాకు దొరికింది. మా ఆయన భయపడుతూ తల్లితో చెబితే ఆవిడ, "పిల్ల నిలబడి వొండుకుంటానంటే వొండుకోనీ, నాకేటి" అంది. ఆ "నాకేటి" అన్న మాటని నేను ఆ తర్వాత చాలాసార్లు మనసులో తిరగేసి చూశాను. అందులో కోపం ఉందో, ఒప్పుకోలు ఉందో, అలసట ఉందో ఇప్పటికీ తేల్చలేకపోయాను.

గట్టు కట్టడానికి కుదిరిన బెంగాలీ తాపీమేస్త్రీని మేం మిస్త్రీ దాదా అనేవాళ్లం. డైమండ్ హార్బర్ వైపు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. సన్నటి మనిషి, దారంతో కట్టిన కళ్లజోడు. ఏం చెప్పినా "హోయే జాబే" అనేవాడు, అంటే అయిపోతుందిలే అని. గట్టు ఇంత ఎత్తు ఉండాలంటే హోయే జాబే. పొగ బయటికి పోయే దారి కావాలంటే హోయే జాబే. ఎప్పటికల్లా అయిపోతుందని అడిగినా హోయే జాబే. నన్ను వదినా అన్నట్టు బౌదీ అనీ, అత్తయ్యని పిన్నీ అన్నట్టు మాషీమా అనీ పిలిచేవాడు. దుమ్ము రాకుండా వంటింటి గుమ్మానికి గోనెపట్టా కట్టేసి, లోపల ఇటుకలతో మాట్లాడుకుంటూ పనిచేసేవాడు.

పని మొదలైంది సరిగ్గా కార్తీకమాసంలో. అత్తయ్యకి ఆ నెలంతా నీచు నిషేధం. ఒంటిపూట భోజనం, అదీ తన గిన్నెలో తనే వండుకునేది. మాకు మాత్రం అడ్డు చెప్పేది కాదు. నేను వరండాలో కిరసనాయిలు స్టవ్వు మీద మా ఇద్దరికీ చేప వండుతుంటే, ఆవిడ ఆ చివర గోడకి ఆనుకుని తన పప్పన్నం తినేది. మిగతా పదకొండు నెలలూ చేప లేకుండా ఆవిడకి ముద్ద దిగదు. బజారులో చేపలమ్మేవాళ్లు ఆవిడ రావడం చూసి మంచి చేపని అడుగుకి తోసేవాళ్లు, బేరమాడి పట్టుకుపోతుందని. కానీ అదంతా మిస్త్రీ దాదాకి ఎలా తెలుస్తుంది? ఆయన చూసింది కార్తీకమాసమే. గుమ్మంలోకి వచ్చిన చేపలావిడతో మా అత్తయ్య తల తిప్పుకుని వద్దంటే, ఆయన చేతిలో తాపీ ఆపి చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు. పాపం ఆయనకి ఆకలేస్తోందేమో అనుకుని నేను టీ ఇచ్చాను.

గోనెపట్టా తీసిన రోజున లోపల పాత మట్టిపొయ్యి పోయి నేను అడిగిన గట్టు ఉంది. చక్కగా, ఎత్తుగా, నున్నగా ఉంది. దానికి ఎదురుమూలలో మోకాలెత్తున ఇంకో చిన్న గట్టు కూడా ఉంది. దాని మీద బొగ్గుల పొయ్యి, పక్కన గిన్నెలు బోర్లించుకోవడానికి చిన్న అరుగు, ముందు పీట వేసుకోవడానికి చోటు. అంటే వంటింట్లో రెండో పొయ్యి. మిస్త్రీ దాదా ఎంతో గొప్పగా మా ముగ్గురి ముఖాలూ చూసి, సున్నం తర్వాత వేస్తానని, రేపు మైదానంలో పార్టీ మీటింగుందని, వాళ్ల ఊరి నుంచి అందరూ వస్తున్నారని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మీటింగు తర్వాత బంద్ వచ్చింది. బంద్ తర్వాత ముసురు పట్టింది. ఆయన ఎంతకీ రాలేదు.

ఇక మా సంగతి. ఒక ఇంట్లో రెండు పొయ్యిలంటే ఏమిటో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వేరు పడ్డామని ఊరంతటికీ చాటినట్టే. అత్తయ్య ఆ పొయ్యి వైపు చూసింది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు. నేను కూడా ఆ పొయ్యిని చూసి, ఆవిణ్ణి చూసి, ఏమీ అనలేదు. నా వంట నచ్చక ఆవిడే రహస్యంగా తన పొయ్యి తాను కట్టించుకుందని నాకు అర్థమైపోయింది (నాకు అన్నీ అలాగే అర్థమయ్యేవి). కార్తీకం పేరు చెప్పి వేరే వండుకుంటున్నది కూడా ఇందుకేనేమో అని అనుమానం పట్టుకుంది. మర్నాడు ఆవిడ తన బియ్యం గిన్నె, తన గరిటె, ఉప్పుకుండ తీసి ఓ పక్కన పెట్టుకుంది. "మీ మావుంటే సూసీవోడు" అని గోడతో అంది. ఆ మాటకి నేను పంపు దగ్గరికి వెళ్లి, గిన్నెలు తోమే వంకతో ఏడ్చాను. మా ఆయన ఇద్దరి మధ్యలో కూర్చుని, ఎవరు ఏ గిన్నెలోంచి వడ్డించినా తలూపి తినేసేవాడు. ఆయన ముఖం చూస్తే సుఖంగానే ఉన్నట్టు కనపడేది. నాకది ఇంకా మంట.

కార్తీకం వెళ్లిన మర్నాడు ముసురు తెరిపిచ్చింది. అత్తయ్య ఖిదిర్‌పూర్ బజారుకెళ్లి ఓ పెద్ద కాత్లా (మన బొచ్చె చేపే) తెచ్చి, వరండాలో కత్తిపీట వేసుకుని కోయడం మొదలుపెట్టింది. ఎవరి కోసమని అడగాలని నా నోటిదాకా వచ్చింది గానీ అడగలేదు. సరిగ్గా అప్పుడే మిస్త్రీ దాదా సున్నం డబ్బాతో వచ్చాడు. అత్తయ్య చేతిలో చేప తలకాయని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మాషీమా, ఆప్ని మాఛ్ ఖాన్?" అన్నాడు, మీరు చేప తింటారా అని.

"ఖాబో నా కేనో?" అంది అత్తయ్య, ఎందుకు తినను అన్నట్టు. "ఈ తలకాయ నాదే. ఎవులికీ ఇవ్వను."

ఆయన సున్నం డబ్బా కింద పెట్టి, దాని పక్కనే తనూ కూర్చుండిపోయాడు. నెమ్మదిగా ఒక్కొక్క మాటే చెప్పాడు. వాళ్ల వైపు భర్త పోయి తెల్లచీర కట్టిన ఆడమనిషి చేప ముట్టదట. చేప వండిన పొయ్యి మీద ఆవిడ అన్నం వండరట. వాళ్లమ్మకి ఇంట్లో వేరే పొయ్యి ఉందట, దానికి కోడలి గరిటె కూడా తగలకూడదట. ఇక్కడ మాషీమా గోడవారన కూర్చుని విడిగా తినడం చూసి, ఈ పెద్దావిడకి ఒక పొయ్యి కూడా లేదే అని మనసు కష్టమై, స్నానం చేసి వచ్చి మరీ మొదటి ఇటుక పెట్టాడట. ఎవర్నైనా అడగొచ్చు కదా అంటే, "ఇందులో అడగడానికేముంది బౌదీ?" అని ఆయనే తెల్లబోయాడు.

అత్తయ్య చేప వదిలేసి నా వైపు తిరిగింది. "అయితే నువ్వు కట్టమన్లేదేటే?"

"నేనా? మీరే కట్టించుకున్నారనుకున్నాను అత్తయ్యా. నా వంట నచ్చక."

"నీ వంటేటి, బాగానే ఏడిసింది. ఉప్పు తక్కువేస్తావు, అంతే. నన్ను వేరు పెట్టేస్తన్నావనుకుని నాను నిద్దరోలేదే గుంటా."

ఇద్దరం కలిసి మా ఆయన వైపు చూశాం. ఆయన పేపరు కొంచెం దించి, "మీరిద్దరూ కూడబలుక్కుని కట్టించుకున్నారనుకున్నాను. మధ్యలో నాకెందుకని" అన్నాడు. అత్తయ్య ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ తిట్లు వింటుంటే నాకెంత హాయిగా ఉందో మాత్రం రాస్తాను.

మిస్త్రీ దాదా సుత్తి తీశాడు పగలగొట్టేస్తానని. అత్తయ్య అడ్డుపడింది. "కట్టినోడివి కట్టినావు. నా మోకాళ్లకి ఇదే బాగుంది, ఉండనీ" అంది. పాపం ఆయన అంత నిష్ఠగా కట్టిన శాకాహారపు పొయ్యి మీద మొట్టమొదట ఉడికింది చేపల పులుసు. ఆయనకీ ఓ పళ్లెంలో పెట్టాం. చేపలో చింతపండేమిటని బిత్తరపోతూనే రెండోసారి వడ్డించుకున్నాడు. ఏడాదికి ఒక్క నెలే ఈ నియమమని అత్తయ్య విడమరిచి చెబితే, చాలాసేపు వేళ్లు నాకుతూ ఆలోచించి, "ఆ సంగతి మా అమ్మకి చెప్పగలరా మాషీమా?" అని మెల్లగా అడిగాడు. "తీసుకురా, నాను సెప్తాను" అంది అత్తయ్య. వాళ్లమ్మ ఎప్పుడూ రాలేదు. చాలా రోజులు చేప వండినప్పుడల్లా నాకు ఆ చూడని తల్లి గుర్తొచ్చేది.

అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. ఈ మధ్య మా కోడలు వంటిల్లు బాగు చేయించాలంది. కొలతలు తీయడానికొచ్చిన కుర్రాడు ఆ చిన్న గట్టు పనికిరాదు, తీసేద్దామన్నాడు. నేను వద్దన్నాను. ఒకప్పుడు నిలబడి వండటం కోసం ట్రాములో పోరాడిన మనిషిని, ఇప్పుడు నా మోకాళ్లు ఎత్తు గట్టు దగ్గర నిలబడనివ్వడం లేదు. అత్తయ్య పీటే వేసుకుని ఆ మూల కూర్చుని వండుతున్నాను. అక్కడ కూర్చుంటే గుమ్మంలో వచ్చేవాళ్ల ముఖాలు కనపడవు, పాదాలే కనపడతాయి. ఆవిడ శక్తులన్నీ ఇవేనన్నమాట. నిన్న పులుసు కలుపుతుంటే గుమ్మంలో రెండు తడి పాదాలు ఆగాయి. తలెత్తకుండానే, "జారిపడతావమ్మా, కాళ్లు తుడుచుకుని రా" అన్నాను. "నేనని మీకెలా తెలిసింది?" అంది మా కోడలు, కాస్త భయంగా. పక్కన ఇంకో పీట ఉంటే ముందుకు తోసి, పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నాను.