కిందికి దిగే పురుగులు

ఎనభైల్లో గుంటూరు బస్టాండు పక్క కొట్లో ఒక వీడియో గేమ్ పెట్టె ఉండేది. తెర మీద పురుగుల్లాంటి బొమ్మలు బారులు తీరి కిందికి దిగుతుంటే, అడుగున ఉన్న చిన్న తుపాకీతో మనం వాటిని కాల్చాలి. డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి బస్సు కోసం చూస్తూ ఆడుతున్నాను. పురుగుమందు వాసన కొడుతున్న పంచెతో ఒక పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఒక్కటే మిగిలింది గదా, అంత జోరుగా పరిగెత్తుద్దేంది?"

"తగ్గేకొద్దీ జోరు పెరుగుతుందండి. ఆటే అట్లా చేశారు."

"అదీ చస్తే గెలిచినట్టేనా?"

"లేదండి. మళ్ళీ కొత్త బారులు దిగుతాయి, ఇంకాస్త దగ్గరనుంచి. మనం పోయేదాకా అంతే."

"ఎవుడూ గెలవడని చేసినోడికి తెలుసా?"

"తెలుసండి."

ఆయన తలూపాడు. "మా పత్తికి తెల్లదోమ పట్టింది బాబూ. పదకొండుసార్లు మందు కొట్టా. షాపాయన ఇంకోసారి కొట్టమన్నాడు," అని బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

దర్శి బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. వీపున మందు డబ్బా మోస్తూ పంపు కొడుతున్నట్టే, ఆయన ఎడమచెయ్యి పైకీ కిందికీ ఆడుతూ ఉంది. ఆ సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.